పాటలో మసకగా పడిన హైమావతి

ఆ పాట దేశంలో మొదటి స్థానానికి చేరిన సోమవారం ఉదయం నుంచి హైమావతి మసకగా కనిపించడం మొదలైంది. నియమం ప్రకారమే జరిగింది కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు. పాట వీడియోలో రెండో నిమిషం పదకొండో సెకను దగ్గర, గాయకుడి భుజం వెనక, బస్టాపులో నిలబడి ఉన్నది ఆమే. కెమెరా చూపంతా గాయకుడి మీద ఉంది. ఆమె మసకగా పడింది.

ఇంగ్లండు ఉత్తరాన ఆమె ఉండే హాల్‌బీ అనే ఊళ్ళోనే వీడియో తీశారు. వాన, ఎర్ర ఇటుకల ఇళ్ళు, చిప్స్ తింటూ నడిచే జంట, పబ్ ముందు పాడుతున్న లావుపాటాయన. బ్రిటిష్ సమాజానికి ఇదే అద్దమని పత్రికలన్నీ రాశాయి. అద్దం ఒకలాగా, ఊరు ఒకలాగా ఉండటం బాగుండదని ఊరి కౌన్సిల్ తీర్మానించింది. అద్దాన్ని మార్చాలంటే మళ్ళీ షూటింగ్ పెట్టాలి. ఊరిని మార్చడం తేలిక.

హైమావతిది పాలకొల్లు. తొమ్మిదేళ్ళుగా హాల్‌బీలోని ఒక వృద్ధుల హోమ్‌లో పనిచేస్తోంది. మసకబారినందువల్ల పనికేమీ ఇబ్బంది రాలేదు. ఆమె రోజూ స్నానం చేయించే డోరీన్‌కు ఎనభై ఎనిమిదేళ్ళు, చూపు అంతంతమాత్రం.

"నాకు అందరూ అలాగే కనపడతారమ్మా," అంది డోరీన్. "నీ చేతులు వెచ్చగా ఉన్నాయి. నాకది చాలు."

చిక్కు వచ్చింది పౌరసత్వం దరఖాస్తు దగ్గర. ముఖం అంచులు తెలియడం లేదంటూ ఏడుసార్లు ఫొటో వెనక్కి వచ్చింది. భర్త వీరభద్రం వ్యాన్‌లో పార్సిళ్ళు అందిస్తుంటాడు.

"కౌన్సిల్‌కెళ్ళి అడిగిరా. వీళ్ళు అరవరు, అదొక్కటే సుఖం," అన్నాడు.

నిజంగానే అరవలేదు. పెండిల్టన్ అనే అధికారి ఆమెకు మూడు క్షమాపణలు చెప్పాడు. అంతసేపు కాచుకు కూర్చోబెట్టినందుకు ఒకటి, వానకు ఒకటి, మసకకు ఒకటి. తర్వాత ఫైలు తెరిచాడు.

"మీరు అస్పష్టంగా ఉన్నారనడంలో సందేహం లేదండీ."

"నేనారోజు డ్యూటీకెళ్తున్నానండి. వాళ్ళే వచ్చి నా ముందు కెమెరా పెట్టారు."

"ఎక్కడ డ్యూటీ?"

"మిల్ రోడ్డులో ముసలాళ్ళ హోమ్ ఉంది కదండి, అక్కడ."

ఆయన మూడు నిమిషాల నలభై సెకన్ల వీడియోను మొదటినుంచి చివరిదాకా ఓపిగ్గా చూశాడు. "ఇందులో అలాంటి హోమ్ లేదండీ."

"ఇరవై ముగ్గురున్నారండి అందులో!"

"ఉండవచ్చు. కానీ బ్రిటిష్ సమాజంలో లేరు."

చాలా మృదువుగా అన్నాడు. మిల్ రోడ్డులో వీధి దీపాలు వెలగకపోవడానికి, చెత్త లారీ రాకపోవడానికి కారణం అప్పుడు తెలిసిందామెకు. అంతదాకా హోమ్‌లో అందరూ సమ్మె అనుకుంటున్నారు.

ఆయన ఒక ఖాళీ గురించి చెప్పాడు. మూడో నిమిషంలో, మూలనున్న దుకాణంలో ఒకావిడ గాయకుడికి సమోసాల పొట్లం అందిస్తూ నాలుగు సెకన్లు నవ్వుతుంది. ఆ వేషం వేసినావిడ ఆస్ట్రేలియా వెళ్ళిపోయింది.

"పూర్తి స్పష్టత ఉన్న స్థానమండీ. మీకు అతికినట్టు సరిపోతుంది."

"నేను సమోసాలు అమ్మనండి. ముసలాళ్ళని చూసుకుంటాను."

"అమ్మనక్కర్లేదు. నవ్వితే చాలు."

రెండు వారాలు ఆలోచించింది. డోరీన్‌కు తల దువ్వుతూ సంగతి చెప్పింది.

"తీసుకో," అంది డోరీన్. "నలభై ఏళ్ళు నూలుమిల్లులో చేశాను. ఒక్క పాటలోనూ నన్ను పెట్టలేదు. నువ్వయినా కనపడు."

హైమావతి సంతకం చేసింది. గురువారానికల్లా ముఖం తేటపడింది. చుబుకం కింద పుట్టుమచ్చ కూడా కనిపించింది. వీరభద్రం చాలాసేపు చూశాడు. "నీ మొహం చూసి ఎన్నాళ్ళయిందే హైమా," అన్నాడు. ముఖంతోపాటు నవ్వు కూడా వచ్చింది. అది మాత్రం పోలేదు. వీడియో ఎన్నిసార్లు చూసినా దుకాణంలో ఆవిడ నవ్వుతూనే ఉంటుంది కాబట్టి అది శాశ్వతమని ఉత్తర్వులో రాసి ఉంది. ఫొటో మొదటిసారికే ఆమోదం పొందింది. తడి బూట్లతో తివాచీ తొక్కినందుకు భర్తను తిడుతున్నప్పుడు కూడా ఆమె నవ్వుతూనే ఉండేది. కొన్నాళ్ళకు అతను ఆ తిట్లను పట్టించుకోవడం మానేశాడు. పన్ను పీకించుకున్న రోజు డాక్టరు, నొప్పి లేదని తనే రాసుకున్నాడు.

ఫిబ్రవరిలో డోరీన్ చనిపోయింది. బతికి ఉన్నట్టు నమోదు కాని మనిషి చనిపోవడమనే ప్రశ్న రాదని చెప్పి కౌన్సిల్ మరణ పత్రం ఇవ్వలేదు. చర్చికి ఆరుగురు వచ్చారు. ఒళ్ళు తుడిచి, ఆమెకు ఇష్టమైన నీలం స్వెటర్ తొడిగింది హైమావతే. ఇప్పుడు శవపెట్టె పక్కన నిలబడింది. కన్నీళ్ళు చెంపల మీదుగా జారి, నవ్వు దగ్గర ఆగి, పెదవుల చివర్ల నుంచి కిందికి కారుతున్నాయి.

అక్కడ ఏ కార్యక్రమమూ జరగలేదని ధ్రువీకరించడానికి పెండిల్టన్ వచ్చాడు. టోపీ తీసి, అందరితోపాటు ప్రార్థనకు నిలబడ్డాడు. అయ్యాక ఆమె దగ్గరకు వచ్చాడు.

"మీవాళ్ళలో నాకు నచ్చేది ఇదేనండీ. ఏం జరిగినా సంతోషంగా ఉంటారు."

"థాంక్యూ అండి," అంది హైమావతి.

స్పష్టంగా ఉన్నవారి సాక్ష్యమే చెల్లుతుంది. ఆరుగురిలో అలాంటి మనిషి ఆమె ఒక్కతే. ఏమీ జరగలేదన్న కాగితాన్ని ఆయన పెట్టె మూత మీద పరిచి, కలం అందించాడు. పేరు విడివిడి అక్షరాల్లో రాయమన్నాడు.

రాసింది.