జెరూషా ఒక్క వాక్యం దిద్దించిన విజయగాథ

వినుడమ్మా, వినుడు! హుగ్లీ నదీ పశ్చిమభాగమున, అహోరాత్ర లోహశకట సంఘట్టన ఘోషభీకరంబై, ధూమధూళి ధూసరితంబై, ఎర్రజెండా ఏలుబడి ముప్పదియవ యేట వెలుగొందుచున్న సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లయందు, బంద్ పిలుపునకు దుకాణ కవాటములన్నియు మూతపడి, చేపల బజారు పిల్లులు సైతము నిరుద్యోగులైన ఒకానొక శుక్రవారమున, నా పెనిమిటి గ్యాంగ్‌మేన్ మరియదాసు వంశాబ్ధి చంద్రిక, కీబోర్డు కదన కర్కశ, నా మనవరాలు జెరూషా ఒకే ఒక్క వాక్యముపై యుద్ధమునకు వెడలెను.

నవ్వకండి. ఆ వాక్యం ఎంత కొంప ముంచిందో వినండి ముందు.

కంప్యూటరుకి పని చెప్పడానికి భాషలుంటాయంట. ఒక్కో భాషతోపాటూ పనిముట్ల పెట్టొకటి ఊరికే ఇస్తారు. స్టాండర్డ్ లైబ్రరీ అంటే అదే. ఏ పనిముట్టు ఏటి చేస్తాదో చెప్పే పుస్తకమే డాక్యుమెంటేషన్. అందులో, పేర్లను వరుస పెట్టే పనిముట్టు కింద, "మూల పట్టీ మారదు" అని రాసుంది. శుద్ధ అబద్ధం!

ఆ అబద్ధమును వేదవాక్కుగా నమ్మి మా జెరూషా, తెలుగు సంఘపు సభ్యుల పట్టీని ఆ పనిముట్టు నోట పెట్టెను. సామాన్యమైన పట్టీయా అది? యాభై ఎనిమిదిలో, యార్డులో పాడుబడ్డ గూడ్స్ పెట్టెలో మొదటి ప్రార్థన జరిగిన నాటినుంచి ఎవరు ఏ వారం చేరారో ఆ వరస. ముందు బల్ల ఎవరిది, క్రిస్మస్ కేకు మీద కత్తి ఎవరిది, అంతా దాని ప్రకారమే. రైల్వేవాళ్ళం మరి. అన్నం లేకపోయినా ఉంటాం, సీనియారిటీ లేకపోతే ఉండలేం. పాస్టరుగారు ఇంగ్లీషు అక్షరాల వరసలో ఒక నకలు కావాలన్నారు. మీట నొక్కినంతనే నకలు కాదు, అసలే తారుమారాయెను! నలుబది తొమ్మిది సంవత్సరముల సీనియారిటీ క్షణార్ధమున భస్మీపటలమాయెను!

మొదటి పేరు నాది, దయమ్మ. రెండోది విజయ కుమారి. ఆవిడ అరవై మూడో పేరై అట్టడుగున తేలింది. ఆదివారం ఆరాధన అవగానే లేచింది సింహనాదంతో:

"ఏటే దయమ్మా! నీ మనవరాలు కావాలనే చేసిందే!"

"లేదు అమ్మమ్మగారూ, పుస్తకంలో మారదనే రాసుంది," అంది జెరూషా, కళ్ళనీళ్ళతో.

"అయితే ఆ పుస్తకాన్నే తప్పొప్పుకోమను! పై ఆదివారం దాటితే సంఘం కాగితం నీ చేత ముట్టనివ్వను."

పాత వరస అరవై మూడు పేర్లూ నేను నోటితో చెప్పి రాయించాను, ఎవరెవరు ఏ వానలో తడుస్తూ వచ్చి చేరారో దాంతో సహా. పట్టీ బాగయ్యింది. పిల్ల పేరు బాగవలేదు.

అంతట జెరూషా, సప్తసముద్రాల ఆవల ఆ పుస్తకమును కాపాడు పెద్దలకు సవరణ పంపెను. వారు అయిదు దినములు ఆ ఒక్క మాటపై మహాసభ తీర్చిరి. "మారును" అనవలెనా, "మారవచ్చును" అనవలెనా అని ఒకరినొకరు ఉత్తరములతో పొడుచుకొనిరి. శుక్రవారం పొద్దున్న కబురొచ్చింది: మూడు పేర్లతో ఉదాహరణ ఒకటి కావాలి, మన గడియారంలో సాయంత్రం అయిదుకి కొత్త పుస్తకం తలుపులు మూసేస్తారు, ఆ పైన ఏ దిద్దుబాటూ తీసుకోరు.

ఇక్కడ బంద్. ఉన్న ఒక్క సైబర్ కేఫ్‌కీ షట్టర్ దిగిపోయింది. దాని ముందర కేరమ్ బోర్డు వేసుకుని, బంద్ కావలిగా పార్టీ మనిషి తపన్‌దా కూర్చున్నాడు.

"ఠాకుమా, ఆజ్ బంద్! బాడీ జాన్!" అన్నాడు, మామ్మా ఇంటికి పొమ్మని చెయ్యి ఊపుతూ.

నాకు వచ్చిన బెంగాలీలో అడిగాను, "తపన్ బాబా, పార్టీలో చేరి ఎన్నేళ్ళయ్యింది నీకు?"

"ఇరవై రెండు!"

"మీ కొత్త కుర్రాడు అమల్ ఎప్పుడు చేరాడు?"

"వాడా? ఆరు నెల్లు కాలేదు."

"మీ పట్టీని ఈ పిల్ల వాడే కంప్యూటరు పనిముట్టుకిస్తే అమల్ ముందర, తపన్ చిట్టచివర. పాత వరస మరి దొరకదు. పుస్తకమేమో ఏమీ కాదంటోంది, అయిదులోగా దాన్ని దిద్దించాలి."

కేరమ్ స్ట్రైకరు అతని వేళ్ళనుండి జారి ధరణిపై బడెను. "ఏమీ! నా ఇరవై రెండేండ్ల ఊరేగింపులు, నా అరిగిన చెప్పులు, అన్నియు అక్షరములపాలా? ఇది వ్యాపారము గాదు, ప్రజాకార్యము!" అని గర్జించి, షట్టరును రెండు జానలు పైకెత్తెను.

జెరూషా పాములా దూరిపోయింది. నేను, జానుద్వయ వేదనా విదీర్ణనై, కొంగు నడుమున బిగించి, బోర్లా పాకి బిలప్రవేశము గావించితిని. లోపల అయిదుకి పది నిమిషాలుండగా కరెంటు పోయింది. మిషను కింద బ్యాటరీ పెట్టె కుయ్యోమని ఏడవడం మొదలెట్టింది.

"మామ్మా! పాత వరసలో మూడు పేర్లు చెప్పు, బేగి!"

దయమ్మ అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"విజయ కుమారి. దయమ్మ. అప్పాయమ్మ."

"నువ్వు కదా ముందు?"

"ఉదాహరణే కదే, కొట్టు!"

కొట్టెను! పైన ఆ వరుస, కింద తిరగబడిన వరుస: అప్పాయమ్మ, దయమ్మ, విజయ కుమారి. ఆ పైన వాక్యము: "మూల పట్టీ మారును. పాత వరుస కావలెనన్న ముందే నకలు తీసికొనుడు." అయిదుకి నాలుగు నిమిషములుండగా ఆవలి పెద్దలనుండి ఏకపద శాసనము వెలువడెను: "సరే."

ఆదివారం జెరూషా ఆ పుట అచ్చు తీసి తెచ్చింది. విజయ కుమారి కళ్ళద్దాలు తుడుచుకుని, రెండుసార్లు చదివి, పై వరసలో మొదటి పేరు మీద వేలు పెట్టింది. తరవాత సంఘం కాగితాల సంచీ తనే తీసి జెరూషా ఒడిలో పెట్టింది.

ఈ విధంబున భూమండల సమస్త పుస్తకములలో ఒక పుస్తకమున, ఒక పుటయందు, ఒక వాక్యము నిజమాయెను! జయము జెరూషాకు!

ఆనాటినుంచి విజయ కుమారి నాకన్నా ముందు నడిచి ముందు బల్ల మొదట్లో కూర్చుంటోంది. అదేటమ్మా అంటే, "పుస్తకంలో ఉంది కదే," అంటాది. పుస్తకం తప్పని ఏ నోటితో అనను? దిద్దించింది మేమే కదా.