గరాజు తలుపులు తెరిచే గొంతు

ప్రతి వీధికీ ఒక పాడైన ట్రాన్స్‌మిటర్ ఉండాలి. బాగున్నది పనికిరాదు, పాడైనదే కావాలి! ఎవరి నేలమాళిగలోనో ఏళ్ళ తరబడి తేమ పట్టి, లోపల ఎలుకలు కాపురం చేసి, తీగల తొడుగు ముట్టుకుంటే పొడిపొడిగా రాలిపోయేదైతే మరీ శ్రేష్ఠం.

నవ్వకండి. నేను సరదాకి చెప్పడం లేదు. నమ్మకం లేకపోతే అమెరికాలోని డులూత్‌లో, రేవు పైన కొండవాలు మీదున్న మా వీధికి వచ్చి ఎవరినైనా అడగండి.

నాకు హామ్ రేడియో పిచ్చి. లైసెన్సు ఉన్న పిచ్చి. ఇనుప ఖనిజాన్ని ఓడలకెక్కించే రేవులో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. అప్పటినుంచి గాలిలోకి మాట వదలడం, ఎక్కడో ఒక మనిషి బదులిస్తే మురిసిపోవడం నా ఉద్యోగం. ఇప్పటి రేడియోలు అరచేతిలో ఇమిడిపోతాయి. అవి నాకు గిట్టవు. పాడవవు, పాడైనా విప్పనివ్వవు! విప్పడానికి వీల్లేని వస్తువుతో మనిషికి అనుబంధం ఎలా ఏర్పడుతుంది చెప్పండి?

పోయిన శరత్కాలంలో వంతెనకు అవతల సుపీరియర్ అనే ఊళ్ళో ఒక పెద్దాయన కాలం చేశారు. ఆయన కూతురు ఇల్లు ఖాళీ చేస్తూ, నేలమాళిగలో ఒక పాత ట్రాన్స్‌మిటర్ ఉందని, వచ్చి తీసుకెళ్ళమని ఫోన్ చేసింది. గాజు ట్యూబులది. ఏడాది దూడంత బరువు. నేనూ, నా నడుమూ కలిసి దాన్ని ఇంటికి చేర్చాం. నడుము ఇంకా కోలుకోలేదు.

"అది లోపలికొస్తే నేను బయటికి పోవాలి ఐవర్. ఇద్దరికీ చోటు లేదు," అంది నా భార్య లవోన్.

బయట చలిగా ఉండడం వల్ల ఆగిపోయింది.

శీతాకాలం మొదలంతా దానితోనే గడిచింది. ఎలుకల గూడు తీశాను. ఎండిపోయిన కెపాసిటర్లన్నీ మార్చాను. ఒకేసారి కరెంటు ఇస్తే పాత ప్రాణం తట్టుకోలేదు గనుక, నీరసించిన రోగికి గంజి పట్టినట్టు కొద్దికొద్దిగా పెంచుకుంటూ వచ్చాను. చివరికి ట్యూబులు నారింజరంగులో వెలిగాయి. వేడెక్కిన దుమ్ము వాసన గదంతా పరుచుకుంది. ఆ వాసనకు సాటివచ్చే అత్తరు ఇంతవరకు ఎవరూ తయారుచేయలేదు.

మైకు పట్టుకుని, "వింటున్నారా? అక్కడ ఎవరైనా ఉన్నారా?" అని పిలిచాను.

కెనడా నుంచి బదులు రాలేదు. పక్కింటి నుంచి వచ్చింది. తలుపు విరిగేలా!

పక్కింటి రూడీ లెహ్టినెన్ స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. మా ఇళ్ళ మధ్య ఒక్క దేవదారు చెట్టే అడ్డు. అయినా ఇన్నేళ్ళ మా పరిచయం, మంచు ఊడ్చే యంత్రాలు తోసుకుంటూ ఒకరికొకరు చెయ్యూపుకోవడం వరకే. ఆ రోజు ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే మంచులో పడి వచ్చేశాడు.

"ఐవర్ గారూ, ఏం చేస్తున్నారండీ మీ ఇంట్లో?"

"ఏం లేదండీ, కెనడాతో మాట్లాడుతున్నాను."

"కెనడా సంగతి నాకు తెలీదు గానీ, మీరు నోరు తెరిస్తే, రిమోట్ నొక్కకుండానే నా గరాజు తలుపు తెరుచుకుంటోంది! మీరు నోరు మూసినా అది మూసుకోవడం లేదు. బయట ఎంత చలుందో చూశారా? నా బంగాళాదుంపలు రాళ్ళైపోయాయి. ఇప్పుడే ఒక జింకను బయటికి తోలి వస్తున్నాను!"

"జింకా?"

"జింకేనండీ! పిట్టల కోసం కొన్న గింజలు సగం బస్తా మెక్కేసింది. పోవే అంటే, నా మొహంలోకి చూస్తూ నములుతోంది!"

పాఠకులారా, ఒక్కసారి గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి. మీ ఖరీదైన ఫోన్ ఎప్పుడైనా మీ పక్కింటాయన్ని మీ గుమ్మంలోకి తెచ్చిందా? కనీసం ఒక జింకనైనా పలకరించిందా?

ఇది ఇక్కడితో ఆగలేదు. ఆ ఆదివారం మా లూథరన్ చర్చిలో పాస్టర్ కారిన్, "ఇప్పుడు కాసేపు మౌనంగా ప్రార్థిద్దాం" అన్నారట. అందరూ తలలు వంచారు. అప్పుడు పైనున్న స్పీకర్లలోంచి ఒక గంభీరమైన స్వరం, "వింటున్నారా? అక్కడ ఎవరైనా ఉన్నారా?" అని అడిగిందట! వెనక బల్లల్లో ఇద్దరు ఏడ్చేశారు. ఒకాయన లేచి నిలబడి, "ఉన్నాను ప్రభువా" అన్నాడు.

మధ్యాహ్నం పాస్టర్ ఫోన్ చేశారు. నేను క్షమాపణ చెప్పబోతుంటే ఆపి, "పరవాలేదు ఐవర్. చర్చిలో మీ గొంతు విని చాలా కాలమైంది," అన్నారు.

మరుసటి ఆదివారం చర్చి కిటకిటలాడిందని విన్నాను. దేవుడి పని ఇంత సులువుగా చేసిన యంత్రాన్ని బాగుచేయాలా?

చేయాలి. చట్టం అలా ఉంది. లైసెన్సు ఉన్నవాడు తన తరంగాలను తన హద్దులో ఉంచుకోవాలి. తోవ తప్పి ఊరిమీద పడుతున్న ఆ తరంగాలు యంత్రంలో ఎక్కడ పుడుతున్నాయో కనుక్కోక తప్పదు. నేను దాని పైకప్పు విప్పాను.

లోపం వెతకాలంటే ఒక పద్ధతుంది. ఒకటి మార్చాలి, నాలుగు ముక్కలు మాట్లాడాలి, రూడీ గరాజు తలుపు తెరుచుకుందో లేదో చూడాలి. చూసే పని రూడీ పుచ్చుకున్నాడు. తన గరాజులో నిలబడి చూసి, మంచులో నడిచి మా ఇంటికి వచ్చి, బూట్లు విప్పి, కుర్చీలో కూర్చుని, అప్పుడు చెప్పేవాడు.

"తెరుచుకుందండీ."

"ఫోన్‌లో చెప్పొచ్చు కదండీ?" అన్నాను మొదటిసారి.

"ఫోన్‌లో మీకు సరిగ్గా అర్థం కాదు," అన్నాడు.

తెరుచుకుందన్న మాటలో అర్థం కానిది ఏముందో నాకు నిజంగానే అర్థం కాలేదు. లవోన్ మాత్రం కాఫీ పోసింది. రెండో వారానికి, మాంసం మీద బంగాళాదుంప ముక్కలు పరిచి కాల్చే టేటర్ టాట్ హాట్‌డిష్ మూడు ప్లేట్లలో వడ్డించడం మొదలుపెట్టింది.

ఒక మధ్యాహ్నం రూడీ నా పక్కన టార్చి పట్టుకుని ఉన్నాడు. నేను అప్పుడే స్విచ్ ఆపాను. నా చేతిలోంచి ఒక మరమేకు జారి యంత్రంలో పడింది. తీద్దామని రూడీ చెయ్యి లోపలికి పెట్టబోయాడు.

"ఒరేయ్! చెయ్యి తియ్!"

ఆ అరుపు నాదేనని నాకు కాసేపటికి గానీ తెలియలేదు. స్విచ్ ఆపినంత మాత్రాన ఈ యంత్రాలు చావవు. కెపాసిటర్లలో కరెంటు దాక్కుని ఉంటుంది. మనిషిని పైకి పంపేయడానికి అది చాలు. భూమికి కలిపిన తీగ కట్టిన కర్రను తీసుకుని లోపల ఆనించాను. తుపాకీ పేలినట్టు ఫెళ్ళుమని నిప్పురవ్వ లేచింది.

రూడీ చెయ్యి వెనక్కి తీసుకుని, దాని వంకే చూసుకుంటూ కుర్చీలో కూలబడ్డాడు.

"డోరీన్ ఉంటే నన్ను ఇక్కడికి రానిచ్చేది కాదు," అన్నాడు.

డోరీన్ ఆయన భార్య. రెండేళ్ళ కిందట పోయింది. ఆ సంగతి మాకు వీధి ఫోన్ గ్రూపులో తెలిసింది. ఏడుస్తున్న మొహాల బొమ్మలు వీధి వీధంతా పెట్టింది. లవోన్ రెండు పెట్టింది, ఒకటి నా తరఫున. ఎంత సౌకర్యమో చూడండి! ఎవరూ కోటు వేసుకోనక్కర్లేదు, మంచులో నడవనక్కర్లేదు, ఏం మాట్లాడాలో తెలియక గుమ్మంలో నిలబడనక్కర్లేదు.

"డోరీన్‌కి ఏమైందిరా అసలు?" అని అడిగాను.

ఆ సాయంత్రం యంత్రం పని ముందుకు సాగలేదు. రూడీ చెప్పాడు. మేం విన్నాం. లవోన్ మధ్యలో లేచి వంటింట్లోకి వెళ్ళి, ముక్కు తుడుచుకుని వచ్చింది. మా మధ్య 'మీరు' ఆ రోజే పోయింది, మళ్ళీ తిరిగి రాలేదు.

తర్వాతి వారం లోపం దొరికింది. చివరి ట్యూబు నెత్తికి వెళ్ళే తీగలో ఒక చిన్న రెసిస్టర్ ఉంటుంది, దాని చుట్టూ నాలుగు చుట్లు రాగి తీగ. ట్యూబు తనకు సంబంధంలేని తరంగాల్లోకి పరుగెత్తకుండా పట్టి ఉంచే కళ్ళెం అది. పైకి నిక్షేపంగా ఉంది. అడుగువైపు నిలువునా పగిలింది. ఇంత యంత్రాన్ని, ఇంత వీధిని పిచ్చెక్కించింది చిక్కుడు గింజంత ముక్క!

కొత్తది అతికించాను. మాట్లాడాను. రూడీ నడిచి వచ్చాడు, బూట్లు విప్పాడు, కూర్చున్నాడు.

"తెరుచుకోలేదురా," అన్నాడు. బస్సు తప్పిపోయిన పిల్లాడి మొహం పెట్టుకుని.

"బాగైపోయిందన్నమాట," అన్నాను. నా మొహం ఎలా ఉందో లవోన్‌ని అడగాలి.

వీధి గ్రూపులో ప్రకటించాను. బొటనవేళ్ళ బొమ్మలు వచ్చాయి. పాస్టర్ స్పీకర్లు ఆమె మాటే విన్నాయి. జింక తన దారి చూసుకుంది. అదే రోజు మానిటోబా నుంచి ఒకాయన గాలిలో దొరికాడు. "మీ సిగ్నల్ చాలా బాగుంది, ఉంటాను" అని వెళ్ళిపోయాడు. ఇంకొకాయన దొరికాడు. ఆయనా అంతే. ఇంత చక్కటి సిగ్నల్ మీద చెప్పుకోవడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు!

రూడీ రావడం మానేశాడు. మానడా మరి? ఏ పని మీద వస్తాడు? మంచు ఊడుస్తూ కనిపిస్తే చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. కాస్త ఎక్కువసేపే ఊపాను. అంతకంటే ఏం చేయాలో ఇద్దరికీ తోచలేదు.

మార్చి వచ్చింది. నేను యంత్రాన్ని ముట్టుకోవడమే తగ్గించాను. ప్లగ్గు పీకేశాను. ఎండ బాగా పడే చోటని లవోన్ దానిమీద టమోటా నారు ట్రేలు పరిచింది. అలా ఒక పది రోజులు గడిచాయి.

నిన్న ఉదయం తలుపు దడదడలాడింది. రూడీ!

"ఏరా, మళ్ళీ మొదలెట్టావా? నా గరాజు తలుపు తెరుచుకుంది!"

నేను కిటికీలోంచి చూశాను. రూడీ గరాజు తలుపు గట్టిగా మూసి ఉంది. రాత్రి కురిసిన మంచు దానికి మోకాలెత్తున ఆనుకుని ఉంది. ఎక్కడా చెదరలేదు.

"మళ్ళీ మూసుకుపోయింది," అన్నాడు రూడీ నా చూపు గమనించి.

తర్వాత ఆయన కళ్ళు యంత్రం మీదికి వెళ్ళాయి. టమోటా నారు మీదికి. అక్కడినుంచి నేలమీద పడివున్న ప్లగ్గు మీదికి. చాలాసేపు దాన్నే చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఈ పాత సెట్లను నమ్మలేం రూడీ. ప్లగ్గు పీకినా లోపల కరెంటు దాక్కునే ఉంటుంది," అన్నాను.

"అదే నేనూ అనుకున్నా," అన్నాడు వెంటనే.

"విప్పి చూడాలి. ఒకరోజులో తేలే వ్యవహారం కాదు."

"తొందరేం లేదులే," అంటూ బూట్లు విప్పాడు.

లవోన్ నారు ట్రేలు తీసి సోఫా మీద పెట్టింది. ఏ లోపమూ లేని యంత్రం కప్పు విప్పి, ఇద్దరం చాలా శ్రద్ధగా లోపలికి చూశాం.

ఇవాళ పొద్దున మళ్ళీ తలుపు చప్పుడైంది. ఈసారి రూడీ కాదు, ఆయన అప్పటికే లోపల ఉన్నాడు. ఎర్ర కోటు తొడుక్కున్న ఒకావిడ, చేతిలో రేకు కప్పిన పళ్ళెం. వీధి చివరింట్లో తొమ్మిదేళ్ళుగా ఉంటోందట.

"మీ రేడియో సంగతి పాస్టర్ చెప్పారు," అంది గుమ్మంలోనే నిలబడి. "మా టోస్టర్‌లోంచి మీ గొంతు వినిపిస్తోందండీ."

టోస్టర్‌లో స్పీకర్ ఉండదు. నలభై ఏళ్ళు ఎలక్ట్రీషియన్‌గా పనిచేశాను, అంతమాత్రం నాకు తెలుసు.

"ఇది చాలా పెద్ద సమస్యండీ. లోపలికి రండి," అన్నాను. "ముందు మీ పేరు చెప్పండి."