పస్తు గిన్నెలు

సోమవారం పదకొండు గంటలకు హైదరాబాదు నుంచి అధికారి మదన్ మోహన్ గారు వస్తారు. ఆలోపు పరీక్ష ముగించాలని జువాలజీ లెక్చరర్ చంద్రిక అనుకుంది. ఫలితం సరిగా లేకపోతే, మెదక్‌లోని ఆ చిన్న కాలేజీకి ఇచ్చిన ఇంక్యుబేటర్ పెట్టెను ఆయన వెనక్కి తీసుకుపోతారు. అందులో ఎనిమిది గాజు గిన్నెలు, ఒక్కో దానిలో ఒకే బర్రె పొదుగు నుంచి తీసిన చిన్న ముక్క. గురువారం నాలుగు గిన్నెల్లో ప్రొలాక్టిన్ హార్మోను మందు వేసింది, మిగతా నాలుగు గిన్నెల్లో వేయలేదు. హార్మోను పడినచోటే పాల ప్రొటీన్ తయారవుతుందని ఆమె చూపించాలి.

తొమ్మిదింటికి చూస్తే ఏడు గిన్నెల్లో ప్రొటీన్ ఉంది.

"మందు లేకుండనే పాలిచ్చినయా!" అంటూ చంద్రిక కుర్చీలో కూలబడింది.

గుమ్మంలో ఉన్న ప్రిన్సిపాల్ జయానందం గారు ఆమె మాట విన్నారు గానీ ముఖం చూడలేదు. "మస్తు! కొత్తది కనిపెట్టినవమ్మా!" అని శాలువా తెప్పించారు. పాల సంఘం భూమయ్యకు ఫోన్ చేశారు. పదకొండు కాబోతుండగా భూమయ్య ఇరవై మంది రైతులతో ఆటోల్లో దిగాడు.

"మందు లేకుండ పాలు!" అని ప్రిన్సిపాల్ ప్రకటించారు.

"మా బర్రెలు గూడ గట్లనే ఇస్తున్నయ్ గద సార్. గిది చెప్పెతందుకా అల్లాదుర్గ్ నుంచి రమ్మన్నరు?" అన్నాడు భూమయ్య.

అప్పుడే అధికారి లోపలికి వచ్చారు. చంద్రిక ఫలితాల కాగితం ఆయన చేతికిచ్చి, "ఏడ తప్పు జరిగిందో తెల్వదు సార్," అంది.

బల్ల తుడుస్తున్న ఆయా యేసమ్మ ఆగింది. "తప్పేంది మేడం? ఒక్క తల్లి పొదుగే గద. నాల్గిటికి పెట్టి నాల్గిటిని పస్తుంచుతరా? బేస్తారం మీరు ఎలచ్చన్ల డ్యూటీకి పోంగనే, గ్లౌజులు తొడుక్కోని, మీ లెక్కనే సీసల మిగిలింది ఏసిన."

"నాల్గిటికా?" అన్నారు అధికారి.

"మూడిటికే సార్. ఎనిమిదోదానికి చుక్క మిగల్లే, పాపం."

అధికారి కాగితం మళ్లీ చూశారు. పాలివ్వనిది ఎనిమిదోదే.

"పొద్దున ప్రొటీన్ చూసినప్పుడు మీకు ఈ సంగతి తెలుసా?" అని చంద్రికను అడిగారు.

"తెలిస్తే గింత పరేషాన్ అయితనా సార్?"

"అట్లయితే ఫలితం సరిగానే ఉంది, మందు పడిన ఏడే పాలిచ్చాయి. పెట్టె ఇంకో ఏడాది ఇక్కడే ఉండనీయండి. కానీ మళ్లీ మొదటి నుంచి చేయాలి. మందు ఈమే వెయ్యాలి, దేనికి వేసిందో మీకు చెప్పొద్దు."

ప్రిన్సిపాల్ శాలువా యేసమ్మ భుజాల మీద పడింది. ఆమె దాన్ని సవరించుకుని, "సార్, ఈపారి మందు జర ఎక్కువ పంపుండ్రి. అన్నిటికీ సరిపోవాలె," అంది.

అధికారి నవ్వి తలూపి, కారెక్కాక డైరీ తీసి, మందు సరిగ్గా నాలుగు గిన్నెలకే సరిపడా పంపాలని రాసుకున్నారు.