తిరుగు మారకం

ఆదివారం పొద్దున్నే మామగారు టీ కప్పు కింద పెడుతూ ఓ మాట చెప్పారు. మోకాలి నొప్పికి సైకిలు తొక్కమని డాక్టరు అన్నాడట, ఆ సాయంత్రం నుంచే మొదలుపెడతారట. ఎదురుగా కూర్చుని టీ తాగుతున్న అల్లుడు లెక్కల మాస్టారికి పొలమారింది.

మెట్ల కింద దుప్పటి కప్పుకుని ఉన్న ఆ సైకిలు మామగారు ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్నది. దాని తోలు సీటు కిందటి ఆదివారం, పాత వస్తువులంటే పడిచచ్చే మాస్టారి సంచీలో పాత సైకిళ్ళ సంతకు వెళ్ళి, ఇత్తడి బెల్లుగా మారి తిరిగొచ్చింది. ముసలాయన ఎలాగూ తొక్కట్లేదు, ఎవరు చూడొచ్చారులే అనుకున్నాడు మహానుభావుడు. పెళ్ళయిన నాటినుంచీ "మా అల్లుడుగారు బంగారం" అని కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకునే మనిషి ముందు దొంగలా దొరికిపోతే ఇంక తలెత్తుకోగలడా? సాయంత్రంలోగా సీటు దాని చోటికి చేరాలి. కూరగాయలకని చెప్పి సంచీ పట్టుకుని బయల్దేరాడు.

ఆ సంతలో డబ్బు చెల్లదు, వస్తువుకు వస్తువే. కిందటి వారం సీటు తీసుకుని బెల్లిచ్చిన టోపీ ఆయన నేలమీద పట్టా పరిచి కూర్చుని ఉన్నాడు, బెల్లు వంక కూడా చూడలేదు.

"ఇచ్చింది వెనక్కడిగితే ఒకటికి రెండివ్వాలి సార్. సంత రూలు. లేకపోతే మనసు మారినవాళ్ళతోనే మాకు పొద్దుపోతుంది."

నిజం చెప్పి బతిమాలితే ఇచ్చేవాడేమో. కానీ మామగారి సీటు ఎత్తుకొచ్చానని పదిమందిలో ఎలా చెప్పడం? మాస్టారు ఇంటికి పరుగెత్తి, మెట్ల కింద దూరి, పెడళ్ళ జత ఊడదీశాడు. బెల్లూ పెడళ్ళూ ఇచ్చి సీటు తెచ్చి బిగించాడు. అప్పుడు గానీ వెలగలేదు, పెడళ్ళు లేని సైకిలు ఎవరూ తొక్కలేరని.

పెడళ్ళు వెనక్కి కావాలంటే మళ్ళీ రెండు. హ్యాండిలూ మడ్‌గార్డులూ చొక్కా కింద దాచుకుని వెళ్తుంటే భార్య గుమ్మంలో అడ్డుపడి, కూరగాయలేవని అడిగింది. ఇంకా తాజావి రాలేదన్నాడు, వంగకుండా, కొయ్యలా నిలబడి. పెడళ్ళొచ్చాయి, హ్యాండిలు పోయింది. హ్యాండిలు కోసం ఈసారి సీటూ పెడళ్ళూ పోయాయి. ఊళ్ళో పిల్లలందరికీ లెక్కలు చెప్పే మనిషి, రెండిచ్చి ఒకటి తెచ్చుకుంటూ పోతే చివరికి ఏం మిగులుతుందో మధ్యాహ్నం దాకా వేసి చూసుకోలేదు. మెట్ల కింద ఇప్పుడొక ఫ్రేము, రెండు చక్రాలు, ఓ హ్యాండిలు ఉన్నాయి. దుప్పటి కప్పి, దాని పక్కనే కూలబడ్డాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

సాయంత్రం వీధిలో బెల్లు మోగింది. ఎప్పుడు బయటికెళ్ళారో ఏమో, మామగారు ఓ సైకిలు నడిపించుకుంటూ లోపలికి వచ్చారు.

"అల్లుడుగారూ, ఇది మీకే. పాతవంటే మీకు ప్రాణం కదా. ఎవరో టోపీ ఆయన అప్పుడే బిగించి పెట్టాడు. నాది ఎలాగూ ఉంది, ఇద్దరం కలిసి తొక్కుదాం. ఉండండి, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం."

ఆయన చేయి దుప్పటి మీద పడింది. మాస్టారు అడ్డం వెళ్ళి ఆ చేయి పట్టుకున్నాడు.

"వద్దు మామయ్యగారూ. మీ సైకిలు అందులో లేదు. నేనే ఊడదీసి ఇచ్చేశాను. సీటు పోయినవారమే ఇచ్చాను, మిగతావి ఇవాళ."

మామగారు కొత్తగా తెచ్చిన సైకిలు సీటు మీద, ఓ పక్కన వేసిన కుట్టును వేలితో తడిమారు.

"ఈ కుట్టు చూసి, అచ్చం నాలాగే కుట్టేవాడు ఇంకొకడున్నాడే అని ముచ్చటపడ్డాను."

తిట్టినా బాగుండేదనిపించింది మాస్టారికి. అప్పుడే ఆయన బోసి మణికట్టు కనబడింది. రిటైరైన రోజు ఆఫీసువాళ్ళందరూ కలిసి తొడిగిన వాచీ, నిద్రలో కూడా తీయని వాచీ, అక్కడ లేదు. ఈ సైకిలుకు బదులు ఏమిచ్చారో అడగాల్సిన అవసరం లేదు. చెప్పుల్లేకుండానే సంతకు పరుగెత్తాడు. టోపీ ఆయన పట్టా మడుస్తున్నాడు. వాచీని అరగంట కిందటే ఎవరో దారినపోయేవాడికి రెండు టైర్లకు ఇచ్చేశాడట.

మామగారు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, కూతురికి కూడా. ఇప్పటికీ వచ్చినవాళ్ళ ముందు అల్లుడుగారు బంగారమనే అంటారు. కాకపోతే రోజుకు పదిసార్లు, "అల్లుడుగారూ, టైమెంతయింది?" అని ఎంతో మర్యాదగా అడుగుతారు. గోడ గడియారం ఆయన కుర్చీకి ఎదురుగానే ఉంది.