ఎర్రర్ రాని స్క్రిప్టు

ఒక పెద్ద అడవిలో, తాను రాసిన కంప్యూటరు స్క్రిప్టు మధ్యలో ఆగిన చరిత్రే లేదని చెప్పుకునే కోతి ఉండేది. పేరు కొమ్మేశ్వర్రావు. అబద్ధమేం కాదు. మధ్యదాకా వెళ్తేగా ఆగడానికి!

ఆ రోజు మాత్రం అది పనిచేసే అడవి ఆఫీసులో అందరూ గడియారం వైపే చూస్తున్నారు. వేసవిలో ఎవరెవరికి నీళ్ళు కావాలో రాసిన జాబితా సాయంత్రం ఐదులోగా ఏటి ఆఫీసు కంప్యూటరుకు చేరాలి. చేరకపోతే ఈ ఏడు కాలువ పక్కడవికి తిప్పేస్తారు.

కోతి మీట నొక్కింది. అవతలి కంప్యూటరు పలికింది. పేరడిగింది, పాస్‌వర్డ్ అడిగింది, ‘దయచేయండి’ అంది. తీరా ఫైలు పంపబోతే ఉలుకూ పలుకూ లేదు. ముప్పై సెకన్లు చూసి స్క్రిప్టు చేతులెత్తేసి ఎర్రర్ చూపించింది: కనెక్షన్ టైమౌట్, అంటే ఆగే గడువు అయిపోయింది.

పదిసార్లు నొక్కినా అదే వరస.

"ఏమిటయ్యా రావూ ఇది?" అంది ఆఫీసరు ఏనుగు.

"అవతలివాళ్ళకి మర్యాద తెలీదు సార్," అంది కోతి, తోక గోక్కుంటూ.

సలహాదారు నక్క సన్నగా దగ్గింది. "ముప్పై సెకన్లకే ఓపిక పోతే ఎలా సార్? గడువు పెంచండి. ఒక పూట... ఉహూఁ, ఒక రోజంతా ఆగమనండి!"

ఏనుగు సర్క్యులర్ మీద పాదముద్ర వేసింది. కోతి ముప్పై చెరిపేసి, రోజుకు సరిపడా ఎనభై ఆరు వేల నాలుగు వందల సెకన్లు పెట్టింది.

ఐదు నిమిషాలైంది. ఎర్రర్ లేదు. గంటైంది. లేదు! ఆఫీసంతా చప్పట్లు. నక్క మెడలో దండ.

నాలుగున్నరకు ఏటి ఆఫీసు కొంగ ఫోను చేసింది. "మీ జాబితా ఏదండీ? ఐదింటికల్లా కాలువ తిప్పడానికి మా తాబేలు బయల్దేరిపోయింది."

"మాకు ఎర్రర్ రాలేదే!" అంది ఏనుగు.

"మాకు జాబితా కూడా రాలేదండీ."

అప్పుడు నెట్‌వర్కు గేటు కాపలా కాసే ముళ్ళపంది తలుపులోంచి మూతి పెట్టింది. "ఒరే కొమ్మేశూ, పొద్దుట్నుంచి ఏటి ఆఫీసువాళ్ళు వచ్చి గేటు కొడుతున్నార్రా. ఫైలు కోసం రమ్మని మీరే పిలిచారట. బయటివాళ్ళని రానివ్వద్దన్నారుగా, ముళ్ళు చూపించి తరిమేస్తున్నా."

కోతి నెత్తి కొట్టుకుంది. ‘ఫైలు కోసం మీరే రండి’ అని పిలిచేది మన స్క్రిప్టే, వస్తే తరిమేది మన కాపలాయే! గబగబా ఒక్క మాట మార్చింది: ‘మీరు రావద్దు, మేమే వస్తాం.’ దాన్నే పాసివ్ మోడ్ అంటారు. లోపల్నుంచి వెళ్ళేవాళ్ళని ముళ్ళపంది ఆపదు.

మీట నొక్కింది. రెండు సెకన్లు. జాబితా చేరిపోయింది! అప్పటికి తాబేలు మెట్లు కూడా దిగలేదు.

ఏనుగు తొండంతో కోతిని గాల్లోకి లేపింది. "శభాష్! రేపు అన్ని శాఖలనూ పిలుస్తాను. ఈ స్క్రిప్టు ఎలా రాశావో పాఠం చెప్పాలి."

గాల్లోనే కోతి మొహం మాడిపోయింది. "సార్... అది నేను రాయలేదు. పక్కడవి చిలక దగ్గర కాపీ కొట్టాను. ‘గేటుకి కాపలా ఉంటే ఈ మాట మార్చుకోండి’ అని ఆవిడ మొదటి వరుసలోనే రాసింది. నేనే ఇందాకటిదాకా చదవలేదు."

నీతి: పని కానప్పుడు గడువు పెంచండి, పని ఎలాగూ కాదు, దండ మాత్రం ఖాయం.