మదర్ పోయింది

ఆ రోజు పొద్దున్న ప్రూఫ్‌రీడరు వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య బయటికి వెళ్ళగానే పడగ్గది తలుపు వేసుకుని కంప్యూటరు బిగించెయ్యాలి. తరవాత స్నానం చేసి, ఏమీ ఎరగనట్టు ఆఫీసుకు వెళ్ళిపోవాలి. సాయంత్రం ఆమె ఇంటికి వచ్చేసరికి బల్ల మీద తెర వెలుగుతూ ఉండాలి. ఆమె తెల్లబోవాలి. అంతే.

అతనికి ఆ తెల్లబోవడం చాలా అవసరం. పాత కంప్యూటరు చచ్చి ఊరుకున్న వారంలోనే ఆమెకు ఇంట్లో కూర్చుని చేసుకునే ఉద్యోగం వచ్చింది. డాక్టర్లు చెప్పింది విని టైపు చెయ్యాలి. ఆ రోజుకి మర్నాడు పొద్దున్న కంపెనీవాళ్ళు పరీక్షిస్తామన్నారు. అప్పటికి ఇంట్లో మంచి కంప్యూటరు లేకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. అలా వారం రోజులుగా ఇంట్లో ఒకటే గొడవ.

"చేసి ఉన్నది కొనేద్దామండీ. గ్యారంటీ ఉంటుంది. పాడైతే వెళ్ళి వాళ్ళ పీక పట్టుకోవచ్చు," అంటుంది భార్య.

"విడి భాగాలు కొని మనమే బిగించుకుంటే అదే డబ్బుకి రెండింతలు మంచిది వస్తుందే! వీడియోల్లో ఎంత తేలిగ్గా చేస్తున్నారో చూశావా?"

"పాడైతే ఎవరి పీక పట్టుకోవాలి?"

"వాడిదే," అనేది వంటింట్లోంచి అతని తల్లి. "దగ్గర్లోనే ఉంటుంది." ఆవిడ పెద్దాసుపత్రిలో హెడ్‌నర్సుగా చేసి రిటైరయిన మనిషి. కొడుకు మేకు కొట్టబోతే ముందు దూది సిద్ధం చేసుకునేది.

చివరికి అతనే నెగ్గాడు. నెగ్గాక భయం పట్టుకుంది. భాగాలు కొని మంచం కింద పెట్టుకున్నాడే గాని రెండు రోజులు వాటి వంక చూడలేదు. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు కూడా. చెబితే అందరూ సలహాలిస్తారు.

ఆ పొద్దున్న భార్య, "కంపెనీలో కాగితాల మీద సంతకాలు పెట్టాలిట, వెళ్ళొస్తా," అని బయలుదేరింది. అతను గడియ పెట్టి, మంచం మీద దుప్పటి పరిచి, భాగాలన్నీ వరసగా పేర్చాడు. మదర్‌బోర్డు అంటే మిగతావన్నీ వచ్చి కూర్చునే పెద్ద పలక. దాని మధ్యలో చిన్న గూడు, గూట్లో వెంట్రుకల్లాంటి పిన్నులు. అందులో కంప్యూటరుకి మెదడులాంటి ప్రాసెసర్ చిప్పుని ఆనించి వదిలెయ్యాలని వీడియోలో చెప్పారు. అతను ఆనించాడు. సరిగ్గా కూర్చోలేదనిపించింది. కొంచెం నొక్కాడు. ఇంకొంచెం నొక్కాడు. కరకరమని చప్పుడయింది. ఎత్తి చూస్తే పిన్నులన్నీ గాలివానకి పడిపోయిన పైరులా ఒకవైపుకి వాలి ఉన్నాయి. ప్రాసెసర్ని తిప్పి పెట్టాడు మహానుభావుడు.

భాగాలు అమ్మిన కొట్టు మెకానిక్కుకి ఫోన్ చేశాడు.

"పిన్నులు వంగాయా? అయితే మదర్ పోయింది సార్," అన్నాడతను, రోజూ పదిమంది మదర్లను సాగనంపే నిబ్బరంతో. "వెంటనే వస్తే ఇంకోటి ఇస్తా. మధ్యాహ్నం కొట్టు మూసేస్తున్నా."

ఆఫీసుకు వెళ్ళే ప్రశ్నే లేదు. అతను పనిచేసేది ఓ సాయంకాలం పత్రికలో. పదిహేనేళ్ళుగా ఇతరుల తప్పులు దిద్దుతున్న ఆ చేతులు ఎడిటరుకి కబురు టైపు చేశాయి: 'మదర్ పోయింది సార్. ఈ రోజు రాలేను.'

మరుక్షణంలో ఎడిటరు ఫోన్ చేశాడు.

"ఎప్పుడయ్యా?"

"ఇప్పుడే సార్. నా చేతుల్లోనే పోయింది."

"అయ్యయ్యో! ఏమీ చెయ్యలేకపోయావా?"

"నొక్కి చూశాను సార్. ఎంత నొక్కినా లాభం లేకపోయింది." ఆ మాట అంటుంటే అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

"ఊరుకో. నీ ప్రయత్నం నువ్వు చేశావు. మీ ఆవిడ ఎలా ఉంది?"

"తనకింకా తెలీదు సార్. దుప్పటి కప్పేసి మంచం కింద పెట్టాను. తను వచ్చేలోగా ఇంకో మదర్ని తెచ్చి పెట్టేస్తే ఏమీ తెలీదు."

"నువ్వు... ఎక్కడికీ వెళ్ళకు. మేం వచ్చేస్తున్నాం," అన్నాడు ఎడిటరు. కాని ఆ సరికే ప్రూఫ్‌రీడరు ఫోను జేబులో వేసుకుని చెప్పులు వెతుక్కుంటున్నాడు. "ఆఫీసుకెళ్తున్నానమ్మా!" అని కేకేసి, పాడైన బోర్డు సంచీలో వేసుకుని పరుగెత్తాడు.

పత్రికలో ఎడిటరు లేచి నిలబడి, "మనవాడికి మతి చలించింది. వాణ్ణి ఒంటరిగా వదలకూడదు," అన్నాడు. పేజీలు అచ్చు మెషీనుకి పంపేసి, పేజీలు కట్టే అమ్మాయినీ, పెద్ద విలేకరినీ వెంటేసుకుని ఇంటికి వచ్చాడు. తలుపు తీసింది హెడ్‌నర్సు.

"అబ్బాయి ఆఫీసుకే వెళ్ళాడే?" అందావిడ, ముగ్గురి మొహాలూ చూసి.

"వెళ్ళిపోయాడా! అనుకున్నంతా అయింది," అన్నాడు విలేకరి.

"ఏమయింది?"

ఎడిటరు తల వంచుకున్నాడు. "పొద్దున్న పెద్దావిడ పోయారని మాకు ఫోనొచ్చిందండీ."

ఆ ఇంటివాళ్ళు పెద్దావిడ అనేది ఒక్కర్నే, వేరే ఇంట్లో ఉండే కోడలి తల్లిని. తనకంటే నాలుగేళ్ళు పెద్ద కాబట్టి హెడ్‌నర్సు ఆ మాట ఆవిడకే అంటగట్టి, తన దగ్గరికి ఎన్నడూ రానివ్వలేదు. ఆ పెద్దావిడకి ఈ మధ్య ఆయాసం కూడా వస్తోంది. హెడ్‌నర్సు గోడకి ఆనుకుంది.

"ఎలా పోయిందిట?"

"గుండె అనుకుంటానండీ. మనవాడే గుండె మీద నొక్కి నొక్కి చూశాడట."

"వాడా? వాడికి నాడి ఎక్కడుంటుందో కూడా తెలీదే!"

"ఇంతకీ మీరు పెద్దావిడకి ఏమవుతారు?" అన్నాడు ఎడిటరు.

"వియ్యపురాల్ని," అందావిడ కళ్ళు తుడుచుకుంటూ. ఆ జవాబుతో అందరికీ అన్నీ అర్థమయిపోయాయి.

ఆవిడ వెంటనే కోడలికి ఫోన్ చేసింది. "అమ్మాయ్, గుండె చిక్కబట్టుకో. మీ అమ్మ దగ్గరికి బయల్దేరు," అని మాత్రం అని పెట్టేసింది. నర్సుగా అలాంటి కబుర్లు ఎలా చెప్పాలో ఆవిడకు బాగా తెలుసు. మిగతాది అవతలివాళ్ళే ఊహించుకుంటారు.

కోడలు ఊహించుకుంది. ఆటోలో వెక్కుతూ పుట్టింటికి వెళ్ళేసరికి తల్లి వరండాలో కాళ్ళు చాపుకుని టీ తాగుతోంది.

"అమ్మా! నువ్వు పోలేదా?"

"ఎక్కడికే?" అంది తల్లి.

ఈలోగా ప్రూఫ్‌రీడరు కొత్త బోర్డు గుండెకి హత్తుకుని సందు మలుపు తిరిగాడు. ఇంటి గుమ్మంలో చెప్పులు. లోపల ఎడిటరు, తెల్లపూల గుచ్ఛంతో విలేకరి, ఏడ్చి కళ్ళు ఎర్రబడ్డ అమ్మాయి. అతను గుమ్మం బయటే ఆగిపోయాడు. పొద్దున్న తల్లి గదిలోంచి దగ్గు వినిపించింది. తను ఆగి అడగలేదు. అబద్ధం చెప్పి వెళ్ళిపోయాడు. అంతలో ఎడిటరు వచ్చి వాటేసుకుని, "మీ అమ్మ ఎక్కడికీ పోలేదయ్యా, మన మనసుల్లోనే ఉంది," అన్నాడు.

ప్రూఫ్‌రీడరు, "అమ్మా!" అని కూలబడ్డాడు. కింద ఏదో టప్పుమంది. కొత్త మదర్ మీదే కూలబడ్డాడు.

"ఏడవకురా," అంటూ వంటింట్లోంచి మంచినీళ్ళ గ్లాసుతో తల్లి వచ్చింది. "అత్తగారు పోతేనే ఇంత ఏడుస్తున్నావు, నేను పోతే ఏమయిపోతావురా!"

అతను కెవ్వుమన్నాడు. తరవాత లేచి ఆవిడ చెయ్యి పట్టుకుని వదల్లేదు. "ఉన్నావా? నువ్వున్నావా?" అని అడుగుతూనే ఉన్నాడు. "లేకపోతే నీళ్ళెవరు తెచ్చారురా?" అందావిడ. ఎడిటరు హెడ్‌నర్సుని పైనుంచి కిందికి ఒకసారి చూసి, "మీరు వియ్యపురాలన్నారు?" అన్నాడు నీరసంగా.

బయట ఆటో ఆగింది. ముందుగా దిగింది చనిపోయిన అత్తగారు. హెడ్‌నర్సు గుమ్మం దాటి వెళ్ళి, పలకరింపు కూడా లేకుండా ఆవిడ మణికట్టు పట్టుకుంది.

"కొట్టుకుంటోంది," అని ప్రకటించింది.

"కొట్టుకోక? వదినగారూ, మీ అందరికీ ఏమయిందండీ ఇవాళ?"

ఆమె వెనకే భార్య దిగింది, ఓ పెద్ద అట్టపెట్టెను పొట్టకి ఆనించుకుని. ఆ పెట్టెను చూసి ప్రూఫ్‌రీడరు గతుక్కుమన్నాడు. మొగుణ్ణి చూసి ఆమె గతుక్కుమంది.

"మరి పోయింది ఎవరయ్యా?" అన్నాడు ఎడిటరు. ఇప్పుడు గొంతులో జాలి లేదు.

ప్రూఫ్‌రీడరు సంచీలోంచి వంగిన పిన్నుల బోర్డు తీసి చూపించాడు. "ఇది సార్. మదర్‌బోర్డు. కొట్లో వాళ్ళు మదర్ అంటారు." తరవాత నేల మీద ముక్కలు చూపించాడు. "అది దాని చెల్లెలు."

భార్య పెట్టెను బల్ల మీద పెట్టింది. "సంతకాలూ లేవు, కాగితాలూ లేవు. చేసి ఉన్నది కొందామనే వెళ్ళాను. మీరు రెండు రోజులుగా మంచం కింద చూడ్డానికే భయపడుతుంటే, నా ఉద్యోగం మీ చేతుల్లో పెట్టి ఎలా ఊరుకోనండీ? డబ్బిస్తుంటే అత్తయ్య ఫోన్ చేశారు. ఇది పట్టుకుని ఊరంతా ఏడ్చుకుంటూ తిరిగాను."

అతను వెళ్ళి పెట్టె విప్పడానికి సాయం పట్టాడు. తీగలు ఆమే తగిలించింది, అతన్ని దేన్నీ నొక్కనివ్వలేదు. మీట వేయగానే తెర వెలిగింది. ముందు చప్పట్లు కొట్టింది ఎడిటరే. పూలగుచ్ఛాన్ని ఏం చెయ్యాలో తెలియక విలేకరి కంప్యూటరు పక్కన పెట్టాడు.

టీలు తాగి వాళ్ళు వెళ్ళాక భార్య టైపు చేసి చూసుకుంటూ కూర్చుంది. అతను పక్కనే కుర్చీ వేసుకుని, "తప్పు నాదే," అన్నాడు. "ఈసారి ఏం విరిగినా ముందు నాకు చెప్పండి," అందామె, తెర మీంచి చూపు తిప్పకుండా.

సాయంత్రం పత్రిక గుమ్మంలో పడింది. హెడ్‌నర్సు కళ్ళజోడు పెట్టుకుని, మొదటి పేజీ తిప్పి, చాలాసేపు ఒకే చోట చూస్తూ ఉండిపోయింది. నల్ల గీతల చట్రంలో ఆవిడ మరణానికి పత్రిక సిబ్బంది ప్రగాఢ సంతాపం. ఆమె ఎడిటరుకి ఫోన్ చేసింది. తాము ఇంటికి రాకముందే పేజీలు మెషీను ఎక్కేశాయనీ, ఈ గందరగోళంలో ఆపాలన్న సంగతే మరిచిపోయాననీ ఆయన బతిమాలుకున్నాడు.

"అది సరే, అయిదు వాక్యాల్లో మూడు అచ్చుతప్పులేమిటండీ? నేను పోతే ఆ మాత్రం శ్రద్ధ లేదా?" అందావిడ.

ఆ పేజీ ప్రూఫు ఎవరూ చూడలేదు. చూడవలసిన మనిషి మాతృవియోగం సెలవులో ఉన్నాడు.