ఊపిరి పీల్చే బ్యాగు

ఇంటర్నెట్‌లో పాత బ్యాగులు అంటగట్టే మోసగాళ్లను ప్రభుత్వం వెంటనే సత్కరించాలి! శాలువా కప్పాలి, మెమెంటో ఇవ్వాలి, వీలైతే ఓ ఇంటి స్థలం కూడా రాసివ్వాలి.

నవ్వకండి. ఇది నవ్వే విషయం కాదు.

ఈ రోజుల్లో సొంత మేనత్తను పలకరించడానికి మనకు తీరిక లేదు. పక్కింటాయన పేరేమిటో ఆయన కరెంటు బిల్లు పొరపాటున మన గుమ్మంలో పడ్డ రోజున తెలుస్తోంది. అలాంటి కాలంలో, ముక్కూ మొహం తెలియని ఒక మనిషి ఫోనెత్తి "అమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గినయా వదినా?" అని అడుగుతోందంటే ఆమె సామాన్యురాలా? అంత ప్రేమ చూపించే మనిషి అమ్మిన బ్యాగు అసలుదా నకిలీదా అని ఆరా తీసేవాళ్లను ఏమనాలి? కృతఘ్నులనాలి!

నమ్మకం కుదరకపోతే కోదాడ స్వర్ణ టీచర్ కథ వినండి.

స్వర్ణ పుట్టిల్లు చిలుకూరు. కోదాడలో సర్కారు బడిలో లెక్కలు చెబుతుంది. మనిషిని పసిగట్టడంలో తనను మించినవాళ్లు లేరని ఆమె అభిప్రాయం. భర్త శివకుమార్‌దీ అదే అభిప్రాయం. వేరే అభిప్రాయం పెట్టుకునే వసతి ఆ ఇంట్లో లేదు. చీరలు కొనాలన్నా, బంగారం మార్పించాలన్నా, చివరికి పనిమనిషిని పెట్టుకోవాలన్నా వీధిలో ఆడవాళ్లంతా స్వర్ణను వెంటబెట్టుకునే వెళతారు. "స్వర్ణ టీచర్‌ను మోసం చేసేటోడు ఇంక పుట్టలే" అని పేరు. ఆ పేరంటే ఆమెకు ప్రాణం.

కిందటేడు ఆమె తోడికోడలు మంజుల, మిర్యాలగూడలో ఉంటుంది లెండి, ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్ డిజైనర్ బ్యాగు కొని నిలువునా మోసపోయింది. మోసపోయిన మనిషి నోరు మూసుకుని ఉండాలా వద్దా? ఉండలేదు! కోదాడలో పెళ్లికొచ్చి, భోజనాల బంతిలో కూర్చున్న ఆడవాళ్లందరికీ జరిగింది జరిగినట్టు చెప్పేసింది. "నన్ను నున్నగ ముంచిన్రమ్మా. మీరు జర పైలం" అంది.

అందరూ అయ్యో అనబోయారు. అమ్మినామె పేరు మంజుల చెప్పేలోపే స్వర్ణ అందుకుంది. "గొర్రెను కొనేటప్పుడన్న పండ్లు పట్టి సూస్తరు గదక్కా! అమ్మేటోళ్లు ఎట్లాంటోళ్లో మాటల తెల్వదా?"

బంతి బంతంతా గొల్లుమంది. పెరుగు వడ్డించే కుర్రాడు కూడా గిన్నె పక్కన పెట్టి నవ్వాడు. ఆ పూట నుంచి చుట్టాల్లో ఆమెకు 'బ్యాగు మంజుల' అని పేరు పడిపోయింది. మళ్లీ ఏ పెళ్లిలోనూ ఆమె ఎవరికీ ఏ జాగ్రత్తా చెప్పలేదు.

ఆ మంజుల ఈ ఏడు, అంటే రెండు వేల పదమూడు ఎండాకాలంలో, మిర్యాలగూడలో కొత్తిల్లు కట్టుకుంది. గృహప్రవేశానికి పిలవడానికి ఫోన్ చేసింది. స్వర్ణ అక్కడికక్కడే ప్రకటించేసింది. "వస్తనక్కా! ఇటలీ బ్యాగు ఏసుకొని వస్త. ఎట్ల కొనాల్నో సూపిస్త."

చూశారా! ఇక వెనక్కి తగ్గే దారేది? బ్యాగు కొనాలి, అది అసలుదై ఉండాలి, చుట్టాలందరి ముందూ భుజాన వేసుకుని తిరగాలి. తేడా వస్తే పోయేది బ్యాగు కాదు, పరువు. తనే 'బ్యాగు స్వర్ణ' అవుతుంది!

కొత్తది కొందామంటే చిలుకూరులో తండ్రి ఇచ్చిన చెలక భూమి అమ్ముకోవాలి. అందుకని సెకండ్ హ్యాండే శరణ్యం. ఆ కబురు స్టాఫ్ రూములో చెప్పగానే సైన్స్ టీచర్ నవనీత ముందుకొచ్చింది. నవనీతకు అలాంటి బ్యాగు ఒకటుంది. ఉందని అందరికీ తెలుసు గానీ సరిగ్గా చూసినవాళ్లు లేరు, ఎప్పుడూ తెల్లటి గుడ్డ సంచిలోనే ఉంటుంది.

"బ్రాండెడ్ తోలు మేడం, ఊపిరి పీలుస్తది. ఎండకు, వానకు తీయొద్దు" అంది నవనీత, ఆ గుడ్డ సంచిని చంటిపిల్లలా నిమురుతూ. "సూర్యాపేట భద్ర గారి దగ్గర కొన్న. మస్తు నమ్మకం. పాత బ్యాగులమ్మే సైట్ల సూడున్రి, అందరు అయిదు స్టార్లు ఇచ్చిన్రు."

అయినా ఒకరు చెప్పారని కొనేసే మనిషా స్వర్ణ? ఆ సైట్‌లో అమ్మేవాళ్లందరినీ వరుసపెట్టి ఇంటర్వ్యూలు చేసింది.

ముందు సూర్యాపేటలో సైదులు అనే ఆయనకు ఫోన్ చేసింది. "మొగోనికి ఆడోళ్ల బ్యాగేంది?" అని పెట్టేసింది. ఆ బ్యాగు తన భార్యదని చెప్పుకునే వ్యవధి ఆయనకు దొరకలేదు.

తర్వాత మిర్యాలగూడ గౌరీబాయి. దవాఖానలో నర్సు. "కొన్న బిల్లున్నది మేడం. లోపల పెన్ను మరక పడింది, పట్టీ కాడ ఒక కుట్టు ఊడింది. వాటియి గూడ ఫొటోలు పంపిన. మీరే వచ్చి సూసుకోన్రి. నచ్చినంకనే పైసలియ్యిన్రి" అంది.

"అది సరేగని, మీదే ఊరమ్మా? ఎవరోళ్లు మీరు?"

"నా ఊరెందుకు మేడం? బ్యాగు సూడున్రి."

ఎంత పొగరు! తన సరుకుకు తనే వంకలు చెప్పుకునే మనిషిని లోకంలో ఎవరైనా నమ్ముతారా? మరక ఎక్కడుందో చెబుతుంది, పుట్టిన ఊరు మాత్రం చెప్పదట! ఇందులో ఏదో ఉందని స్వర్ణ ఇట్టే పసిగట్టి గౌరీబాయి పేరును జాబితాలోంచి కొట్టేసింది.

మిగిలింది భద్ర. ఫోనెత్తడంతోనే, ఇంకా స్వర్ణ నోరు తెరవకముందే, అవతలి నుంచి తేనె కారే గొంతు వినిపించింది. "మీదే ఊరక్కా?"

స్వర్ణ మనసు చల్లబడింది. మనిషంటే అలా ఉండాలి!

"ఉండేది కోదాడ. పుట్టింది చిలుకూరు."

"చిలుకూరా! మనోళ్లు శానమంది ఉన్నరు గదా గాడ!"

"గొర్లున్న జంగమ్మ మా నాయనమ్మ. ఎరికేనా?"

"అయ్యో, జంగమ్మవ్వ ఎరక లేకపోవుడేంది! పొడుగ్గుంటది..."

"కాదు, పొట్టిగుంటది."

"అదే, ముసలితనంల వంగిపోయింది గదా పాపం!"

"మా మేనత్తను అనంతగిరికిచ్చిన్రు."

"అనంతగిరా! మా చిన్నమ్మోళ్లది గదే ఊరు! ఇగ నువ్వు నాకు వదినవయితవ్!"

గమనించారా? ప్రశ్నలు సగం స్వర్ణ అడిగింది. జవాబులు దాదాపు అన్నీ స్వర్ణే చెప్పింది, చివరికి అమ్మ మోకాళ్ల నొప్పులతో సహా. మన జిల్లాలో పెళ్లిసంబంధాలు ఇలాగే ఖాయమవుతాయి, బ్యాగు ఒక లెక్కా? ఆ బ్యాగును భద్ర మరిది దుబాయి నుంచి తెచ్చాడట. రెండు పెళ్లిళ్లకు వేసుకుందట. బిల్లు సంగతి అడిగితే, "చుట్టంల చుట్టానికి బిల్లేంది వదినా!" అని నొచ్చుకుంది. స్వర్ణకు సిగ్గేసింది. ఆ పూటే బ్యాంకుకెళ్లి ఆమె ఖాతాలో డబ్బు కట్టేసింది.

"బ్యాగు ఒక్కపాలి సూడొద్దా?" అన్నాడు శివకుమార్, ధైర్యం చేసి.

"మనిషిని సూసిన గదా!" అంది స్వర్ణ.

చూడలేదు, విన్నది. అయినా శివకుమార్ అంత లోతుకు వెళ్లలేదు.

బ్యాగు కొరియర్‌లో వచ్చింది. ఏం బ్యాగండీ! తేనె రంగు, బంగారు గొలుసు, ఇటలీ పేరు. స్వర్ణ మీగడ రంగు చీర కట్టుకుని, దాన్ని భుజాన వేసుకుని బడికెళ్లింది. ఎండలో నడిచింది, చెమట పట్టింది. సాయంత్రం ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే నడుము దగ్గర చీర మీద ఇంత బ్యాగు ఆకారం! తేనె రంగు అక్కడికి దిగింది. బ్యాగు మాత్రం కొంచెం తెల్లబడింది.

ఆదరాబాదరా లోపలివన్నీ తీస్తుంటే తాళంచెవి లోపలి గుడ్డ చిరుగులోంచి కిందికి జారింది. గుడ్డ ఇంకాస్త చింపి చూసింది. బ్యాగు బిర్రుగా నిలబడటానికి లోపల బియ్యం బస్తా ముక్క పెట్టి కుట్టారు. దాని మీద పచ్చ అక్షరాలతో 'మిర్యాలగూడ సన్నబియ్యం' అని ఉంది.

ఇటలీవాళ్లు కూడా మన బియ్యమే తింటున్నారని మనం గర్వపడాలి. స్వర్ణకు అంత దేశభక్తి లేదు. మంచం మీద కూలబడి ఏడ్చింది. కళ్ల ముందు బంతి కనిపించింది, గొల్లుమన్న నవ్వు వినిపించింది. ఈసారి ఆ నవ్వు తన మీద.

కళ్లు తుడుచుకుని ఫోన్ చేసింది. కడిగిపారేయాలనే చేసింది. "వదినా, రంగు పోతున్నది..." అని మొదలుపెట్టింది. అదిగో, అక్కడే దెబ్బతింది. వదినా అని పిలిచాక తిట్టడం ఎలా?

"అసలు తోలు గట్లనే ఉంటది వదినా! ఊపిరి పీలుస్తది. ఎండకు, వానకు తీయొద్దు. తెల్లగుడ్డ సంచిల పెట్టుకో" అంది భద్ర. "అమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గినయా? ఆఁ, వదినా, సైట్ల నాలుగు మంచి ముక్కలు రాయరాదు. ఆడిదాన్ని, బతకాలె."

ఊపిరి పీలుస్తది! తెల్లగుడ్డ సంచి! అచ్చం నవనీత అన్న మాటలే! స్వర్ణ ఫోన్ పెట్టేసి బీరువాలో తెల్లగుడ్డ వెతికింది.

మర్నాడు స్టాఫ్ రూములో బల్ల మీద రెండు తెల్లగుడ్డ సంచులు పక్కపక్కన కూర్చున్నాయి. స్వర్ణ నవనీత వైపు చూసింది. నవనీత కిటికీ వైపు చూసింది. "మస్తు ఎండలున్నయి మేడం" అంది. "అవును" అంది స్వర్ణ. ఇద్దరూ టీ తాగారు.

ఆ రోజే స్వర్ణ సైట్‌లో రాసింది. "సొంత మనుషుల్లా మాట్లాడతారు. బ్యాగును సంచి దాటనివ్వకుండా చూసుకుంటున్నాను." అయిదు స్టార్లు.

ఇప్పుడు చెప్పండి! అందరి స్టార్లూ ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలిసిందా?

ఇక గృహప్రవేశం. వెళ్లక తప్పదు, బ్యాగు వేసుకోక అసలే తప్పదు. స్వర్ణ రంగు అంటినా కనబడని ముదురు గోధుమరంగు చీర వెతికి కట్టుకుంది. మిర్యాలగూడ బస్సులో బ్యాగును ఒళ్లో పెట్టుకుని, పైన కొంగు కప్పి కూర్చుంది. చంటిపిల్లేమో అనుకుని పక్కావిడ కిటికీ తలుపు వేసింది.

మంజుల ఇంట్లో అడుగుపెట్టగానే చుట్టాలందరూ మూగారు. ఇటలీదా, ఎంత బాగుందో, స్వర్ణ ఏరితే ఇక తిరుగుంటుందా అని ఒకటే మెచ్చుకోళ్లు. మంజుల పక్కింటి జానమ్మ అందరికంటే ముందుకొచ్చింది. "మా పిల్లకు కొత్తగ నౌకరి దొరికింది టీచరమ్మా. జీతంల మిగుల్చుకొని గిట్లాంటి బ్యాగు కొనుక్కుంటనంటది. ఏడ మోసపోతదోనని నాకేమొ బుగులు. నీకిచ్చినోళ్ల నంబరు జర సెప్పరాదు."

"నేను గూడ రాసుకుంట, సెప్పు" అంటూ మంజుల ఫోన్ తీసింది.

స్వర్ణ చెప్పింది. చెప్పక ఏం చేస్తుంది? సగం అంకెలు నొక్కేసరికే మంజుల ఫోన్‌లో దానంతటదే పేరు వచ్చేసింది. పక్కనే నిలబడ్డ స్వర్ణకు స్పష్టంగా కనబడింది. 'భద్ర వదిన'.

మంజుల తలెత్తింది. బ్యాగును చూసింది, గోధుమరంగు చీరను చూసింది, స్వర్ణ ముఖం చూసింది. నవ్వలేదు. నవ్వి ఉంటే స్వర్ణ ఎలాగోలా తట్టుకునేది. ఆ చూపులో జాలి ఉంది, అదే తట్టుకోలేకపోయింది.

"నిజం సెప్పు స్వర్ణా" అంది మంజుల మెల్లగా. "జానమ్మ బిడ్డ కష్టపడ్డ పైసలు. నమ్మొచ్చునా ఈమెను?"

అందరూ స్వర్ణ నోటి వైపే చూస్తున్నారు. ఒక్క మాట చాలు. 'వద్దు' అంటే చాలు, ఆ పిల్ల జీతం ఆ పిల్లకు మిగులుతుంది. స్వర్ణ నోరు తెరిచింది. గొంతు దాకా వచ్చింది ఆ మాట. అంతలో బంతి వేస్తున్నారని ఎవరో కేకేశారు. బంతి! పెరుగు గిన్నె గుర్తొచ్చింది.

"మన చుట్టమే అయితది అక్కా" అంది స్వర్ణ. "వాట్సాప్‌ల గూడ ఉంటది."

మంజుల ఫోన్ లోపల పెట్టుకుని, జానమ్మ చెయ్యి పట్టుకుని వంటింటి వైపు తీసుకెళ్లింది. లోపల ఆమెకు ఏం చెప్పిందో తెలియదు. చెప్పినా నమ్మేదెవరు? ఆమె బ్యాగు మంజుల కదా! మిగతా ఆడవాళ్లంతా నంబరు రాసుకుని, భోజనాలకు లేచారు.

కాబట్టి మహాజనులారా, పాపం భద్రను ఏమీ అనకండి. నిజం చెప్పినావిడకు మనం పేరు పెట్టి ఏడాదిపాటు నవ్వుకున్నాం. దాచుకున్నావిడను బంతిలో మొదటి విస్తరి ముందు కూర్చోబెట్టాం. ఇంత బందోబస్తుగా మనమే కాపలా కాస్తుంటే ఆమె వ్యాపారం మూడు పూవులు ఆరు కాయలుగా సాగక ఏమవుతుంది?

అన్నట్టు, ఆ రోజు నంబరు రాసుకున్నవాళ్లలో మా ఇంటావిడ కూడా ఉంది. బ్యాగు మొన్ననే వచ్చింది. అద్భుతం! ఎవరడిగినా ఇద్దరం అదే చెబుతున్నాం.

చూపించమంటారా? బయట ఎండగా ఉంది, వద్దులెండి. తోలుకు మంచిది కాదు.